పాత నింటెండోల్లో ఏది కొనాలి: గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్, లేక గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ?

మా చిన్నాన్న కువైట్‌లో పనిచేసే రోజుల్లో సెలవుకి వస్తూ తెచ్చిన వస్తువుల్లో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది: నింటెండో గేమ్ అండ్ వాచ్, ఆక్టోపస్ ఆటది. అరచేతిలో పట్టేంత బిళ్ల, రెండు గుండీలు, మధ్యలో చిన్న అద్దం. పడవలోంచి ఒక మనిషి నీళ్లలోకి దిగుతాడు. ఆక్టోపస్ చేతులకి చిక్కకుండా అడుగున ఉన్న పెట్టె దగ్గరికి వెళ్లి, నిధి సంచిలో వేసుకుని పైకి రావాలి. అంతే ఆట. పిల్లలం ఏడుగురం, వంతులు వేసుకుని ఆడేవాళ్లం. సెల్లులు అయిపోయాక మా ఊళ్లో వాచీల కొట్టులో ఆ సైజు దొరకలేదు. అమ్మ దాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసింది. లోపలి సెల్లులు తీయాలని ఎవరికీ తోచలేదు.

రెండేళ్ల కిందట తీసి చూస్తే సెల్లులు కారి, రేకుల మీద పచ్చగా చిలుము గట్టిపడి ఉంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి, అరగంట సేపు కొంచెం కొంచెంగా గీకాను. కొత్త గుండీ సెల్లులు వేసి మూత పెట్టగానే ఆక్టోపస్ చేతులన్నీ ఒక్కసారి మెరిసి, గడియారం పన్నెండు గంటల దగ్గర నిలబడింది. ఆ వీడియో ఇంటి గ్రూపులో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: "మాకూ ఒకటి కావాలి, ఏది కొనమంటావ్?"

దానికి ఒక్క మాటలో జవాబు లేదు. జపాన్ కంపెనీ నింటెండో చేసిన చేతి ఆటల్లో ఒక్కోటీ ఒక్కో పనికి మంచిది, ఒక్కోటీ ఒక్కో చోట పాడవుతుంది. ఎక్కడ పాడవుతుందో తెలియాలంటే ఆ కంపెనీ వాటిని ఎలా తయారు చేసిందో కొంచెం తెలియాలి.

పేకముక్కల కంపెనీలో మరమ్మతుల మనిషి

నింటెండో 1889లో క్యోటోలో పేకముక్కలు చేసే కొట్టుగా మొదలైంది. హనఫుదా అనే పూల బొమ్మల పేక. 1965లో అక్కడ చేరిన గుంపేయి యొకోయి ఉద్యోగం ఆ ముక్కలు చేసే యంత్రాల నిర్వహణ. తీరిక ఎక్కువ. ఆ తీరికలో చెక్కపట్టీలు అడ్డంగా బిగించి, నొక్కితే పొడుగ్గా సాగి వస్తువుని పట్టుకునే ఒక చెయ్యి చేసుకున్నాడు. అధ్యక్షుడు హిరోషి యమౌచి అది చూశాడు, తిడతాడనుకుంటే "దీన్ని బొమ్మగా అమ్ముదాం" అన్నాడు. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడైంది. 1969లో లవ్ టెస్టర్: ఇద్దరు చేతులు పట్టుకుని, రెండో చేత్తో చెరో గుండూ పట్టుకుంటే ముల్లు కదిలి మీ ప్రేమ ఎంతో చెబుతుంది. లోపల ఉన్నది కరెంటు కొలిచే మామూలు మీటర్. ఆ రోజుల్లో అమ్మాయి చెయ్యి పట్టుకోడానికి అంతకన్నా మర్యాదైన సాకు దొరికేది కాదేమో.

తర్వాత కథ చాలామందికి తెలిసిందే. బుల్లెట్ రైల్లో ఒకాయన ఏమీ తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం యొకోయి చూశాడు. ఒకరోజు డ్రైవర్ రాక అధ్యక్షుడి కారు తనే నడపాల్సి వచ్చినప్పుడు ఈ మాట ఆయన చెవిన వేశాడు: పెద్దవాళ్లు నలుగురిలో కనబడకుండా ఆడుకునే చిన్న ఆట చేస్తే? అప్పటికి షార్ప్, కాసియోల మధ్య కాలిక్యులేటర్ల పోటీ ముదిరి, చిప్పులూ ఎల్‌సీడీ తెరలూ కారుచౌక అయిపోయాయి. షార్ప్ నుంచి ఆ రెండూ తీసుకుని 1980 ఏప్రిల్ 28న బాల్ అనే మొదటి గేమ్ అండ్ వాచ్ వదిలారు. ధర 5,800 యెన్లు.

యొకోయి తన పద్ధతికి ఒక పేరు పెట్టుకున్నాడు. "ఎండిన సాంకేతికతతో పక్కదారి ఆలోచన" అని దాదాపు అర్థం. ఎండిన అంటే వాడిపోయిన కొత్తిమీరలాగా కాదు. పాత చింతపండు అంటాం చూడండి, ఎండి మాగి, ఇక ఏ తేడా రాదని నమ్మకం కుదిరిన సరుకు, ఆ అర్థంలో. అందరూ వాడి వాడి లోపాలన్నీ తేలిపోయిన చౌక భాగాలు తీసుకుని, వాటిని ఎవరూ వాడని చోట వాడటం. ఆ కాలపు యంత్రాల్లో ఏది ఇంకా బతికుందో, ఏది చచ్చిందో చూస్తే ఈ ఒక్క మాటే కారణం. పాతది కొనేటప్పుడు నేను నమ్ముకునే సూత్రం కూడా ఇదే.

గేమ్ అండ్ వాచ్: చూసుకోడానికి

గేమ్ అండ్ వాచ్ తెర మీద చుక్కలు ఉండవు. కాలిక్యులేటర్‌లో 8 అంకెకి ఏడు గీతలు ముందే అచ్చై ఉన్నట్టు, ఇక్కడ మనిషి నిలబడగల ప్రతి చోటా ఆ బొమ్మ ముందే గాజులో ఉంటుంది. చిప్పు చేసేదల్లా దాన్ని వెలిగించడం, ఆర్పడం. అందుకే కదలిక టకటకమని గెంతినట్టుంటుంది. అందుకే కరెంటు దాదాపు తాగదు కూడా. రెండు గుండీ సెల్లులతో గడియారంగా నెలల తరబడి నడుస్తుంది.

1980 నుంచి 1991 వరకు దాదాపు 60 రకాలు వచ్చాయి, మొత్తం 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి. కొనేవాళ్లకి పనికొచ్చేవి రెండు తెగలు. ఒకటి 1981లో మొదలైన వైడ్ స్క్రీన్ వరస: ఆక్టోపస్, పారాచూట్, షెఫ్ వగైరా. రెండోది 1982లో మొదలైన, పుస్తకంలా మడిచే రెండు తెరల వరస. అందులో డాంకీ కాంగ్ మీద యొకోయి పెట్టిన ప్లస్ గుర్తు మీటే తర్వాత ప్రపంచంలోని ఆట రిమోట్లన్నిటి ఎడమవైపుకీ ఎక్కింది. చరిత్ర కావాలంటే డాంకీ కాంగ్ కొనండి. మనశ్శాంతి కావాలంటే వైడ్ స్క్రీన్ కొనండి. మడతది పడితే ముందు మడతబందు పగులుతుంది. రెండు భాగాల్నీ కలిపే సన్నటి తీగల పట్టీ కూడా అక్కడే ఉంటుంది.

చూడాల్సినవి మూడే. సెల్లుల గదిలో చిలుము, సెల్లుల మూత ఉందా లేదా, తెర మీద నల్ల మచ్చ. చిలుము పైపైన ఉంటే పోతుంది. మూత పోయినదానికి ధర తగ్గించమని గట్టిగా అడగండి, అసలు మూత విడిగా దొరకడం కష్టం. మచ్చ తెర మీది పోలరైజర్ పొరలో ఉంటే ఓపిక ఉన్నవాళ్లు మార్చుకోవచ్చు, గాజులోనే ఉంటే ఇక అంతే. ఫోటోలో మెరిసే స్టికర్లూ పెట్టే చూసి మోసపోకండి. సెల్లులు వేసి, అన్ని బొమ్మలూ ఒకేసారి వెలిగే ఆ మొదటి క్షణం వీడియో తీసి పంపమనండి. ఏ బొమ్మ చచ్చిపోయిందో అందులో దొరికిపోతుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆట పావుగంటలో అయిపోతుంది. షోకేసులో పెట్టుకుని, వచ్చినవాళ్లకి చూపించి, ఏడాదికి నాలుగుసార్లు ఆడే వస్తువు ఇది. చిన్నప్పుడు చేత్తో పట్టుకున్నవాళ్లకైతే ఆ నాలుగుసార్లే చాలు.

ఇదే పేరుతో 2020లో మారియో ఆటలది, 2021లో జెల్డా ఆటలది కొత్తగా వచ్చాయి. అప్పుడు అమెరికాలో ఒక్కోటీ 50 డాలర్లు. పేరే పాతది. లోపల రంగుల తెర, యూఎస్‌బీ సి తో ఛార్జింగ్. జెల్డాదాంట్లో మూడు పెద్ద ఆటలూ, పాత గేమ్ అండ్ వాచ్ వర్మిన్ ఆటా, చక్కటి గడియారమూ ఉన్నాయి. ఎవరికైనా కానుక ఇవ్వాలంటే, పాత సరుకు తలనొప్పి వద్దనుకుంటే, జెల్డాది ఇవ్వండి. మారియోది కొంతకాలమే తయారు చేస్తామని ముందే చెప్పి అమ్మారు, అందుకని ఇప్పుడు అడిగే ధరకి నాకు చెయ్యి రాదు.

గేమ్ బాయ్: ఇటుకరాయి

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్లకి వచ్చిన గేమ్ బాయ్‌ని చూసి అప్పటివాళ్లు పెదవి విరిచారు. పచ్చటి తెర, 160 అడ్డం 144 నిలువు చుక్కలు, నాలుగంటే నాలుగు ఛాయలు, వెనక వెలుతురు లేదు. అదే ఏడాది అమెరికాలో అటారీ లింక్స్ రంగుల్లో, వెలుగుతో వచ్చింది. మరుసటి ఏడు సెగా గేమ్ గేర్. కాగితం మీద చూస్తే పోటీయే లేదు.

కానీ లెక్క చూడండి. గేమ్ బాయ్ అమెరికాలో 90 డాలర్లు, లింక్స్ దాదాపు 180. గేమ్ బాయ్‌కి నాలుగు పెన్సిల్ సెల్లులు, పదిహేను గంటలు గ్యారంటీగా. ఆ రెండిటికీ ఆరేసి సెల్లులు, నాలుగైదు గంటల్లో ఖాళీ. సెల్లులు కొనిచ్చేది అమ్మానాన్నలు కదా, ఎవరు గెలిచారో వేరే చెప్పాలా. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి 11 కోట్ల 86 లక్షలు అమ్ముడయ్యాయి.

పాతవి కొనేవాళ్లకి దీంట్లో ఇంకో లాభం ఉంది. గేమ్ గేర్‌లో వాడిన చిన్న కెపాసిటర్లు ముప్పై ఏళ్లకి కారిపోయి బోర్డునే తినేస్తున్నాయి. తెర మసకబారి, శబ్దం పోయి, చివరికి మొత్తం ఆగిపోతుంది. కెపాసిటర్లన్నీ మార్చని గేమ్ గేర్‌ని ఎవరు ఎంత చౌకగా ఇస్తానన్నా తీసుకోకండి. గేమ్ బాయ్‌కి ఆ జబ్బు అంత లేదు. గల్ఫ్ యుద్ధంలో ఒక అమెరికన్ సైనికుడి గేమ్ బాయ్ కాలి, ప్లాస్టిక్ కరిగి బుడగలు కట్టింది. అది న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో అద్దాల పెట్టెలో ఏళ్లతరబడి టెట్రిస్ ఆడుతూనే ఉండేది. కువైట్ నుంచి బొమ్మ తెచ్చిన మా చిన్నాన్నకి ఈ సంగతి చెబితే, "అక్కడ ఎండకే కరగాలి" అన్నాడు.

గేమ్ బాయ్‌కి వచ్చే ముఖ్యమైన జబ్బు తెర మీద నిలువు గీతలు మాయమవడం. తెర కింద తీగల పట్టీ అతుకు ఊడటం వల్ల వస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌తో ఆ అంచు మీద మెల్లగా వేడి పారిస్తే గీతలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. టీవీ రిపేరు చేసే చేయి తిరిగిన మనిషికి పది నిమిషాల పని. మొదటిసారి నేనే చేద్దామని కూర్చుని ఒక గీత తెచ్చి రెండు పోగొట్టాను, అది వేరే సంగతి.

అయినా ఆడుకోడానికి దీన్ని కొనమని చెప్పలేను. కిటికీ పక్కన కూర్చుంటేనే తెర కనబడుతుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఆడదామనుకుంటే దీపం పెట్టుకోవాలి. బరువు, ఆకారం, ఆ గుండీల మెత్తదనం నచ్చినవాళ్లకి మాత్రమే. 1996లో వచ్చిన గేమ్ బాయ్ పాకెట్ దీనికన్నా మేలు. రిమోట్‌లో వేసే సన్న సెల్లులు రెండు చాలు, తెర పచ్చగా కాక బూడిదరంగులో స్పష్టంగా ఉంటుంది, చొక్కా జేబులో పడుతుంది. 1998 అక్టోబర్‌లో వచ్చిన గేమ్ బాయ్ కలర్‌కి రంగులొచ్చాయి గాని వెలుతురు రాలేదు. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆడిన తరం వాళ్లు దాన్నే అడుగుతారు, అడగనివ్వండి.

ఆడటానికైతే ఎస్పీ

గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001లో వచ్చింది. వెలుతురు లేని తప్పు మళ్లీ చేసి, 2003లో ఎస్పీ రూపంలో దిద్దుకున్నారు. పౌడరు డబ్బా అద్దంలా మడుచుకుంటుంది, తెరకి గీతలు పడవు. లోపల ఛార్జయ్యే బ్యాటరీ, స్క్రూ ఒకటి విప్పితే కొత్తది వేసుకోవచ్చు. మొదటి గేమ్ బాయ్ ఆటల నుంచి అడ్వాన్స్ ఆటల వరకు మూడు తరాల క్యాసెట్లూ ఎక్కుతాయి. తర్వాత వచ్చిన నింటెండో డీఎస్ అనే చేతి ఆటలో ఈ మూడిట్లో అడ్వాన్స్‌వి మాత్రమే ఎక్కుతాయి. 2005 నాటి గేమ్ బాయ్ మైక్రోలో కూడా అంతే. అందుకని ఒక్కటే కొనేటట్టయితే ఎస్పీ.

ఎస్పీల్లోనూ రెండు రకాలున్నాయి, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఏజీఎస్ 001 రకంలో వెలుతురు తెర ముందు నుంచి పడుతుంది, రంగులు వెలిసినట్టుంటాయి. ఏజీఎస్ 101 రకంలో వెనక నుంచి, ఫోన్‌లో లాగా. వెనక స్టికర్ మీద నెంబరు ఉంటుంది, కానీ పైడొప్ప మార్చి అమ్మేవాళ్లు ఎక్కువ కాబట్టి స్టికర్‌ని నమ్మకండి. తెర కింద మధ్యలో వెలుతురు గుండీ ఉంటుంది, నొక్కి చూడండి. వెలుతురు పూర్తిగా ఆరిపోతే 001. ఆరకుండా ఎక్కువా తక్కువా మాత్రమే అయితే 101. ఇది దాదాపు అమెరికాలోనే అమ్మారు. జపాన్‌లో అసలు అమ్మలేదు. అందుకే జపాన్ సరుకు చౌక అని ఎగబడేముందు ఆలోచించండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ అక్కో బావో ఉంటే, వాళ్లు వచ్చేటప్పుడు తెప్పించుకోవడమే మేలు.

తెప్పించుకునేటప్పుడు ఛార్జర్ మాత్రం తేవద్దనండి. జపాన్ ఛార్జర్ 100 వోల్టులది, అమెరికాది 120. మన గోడకి ఉన్నది 230. మా స్నేహితుడొకడు అడాప్టర్ పిన్ను మార్చి ప్లగ్గులో పెట్టాడు. టప్పుమని ఒక శబ్దం, కాలిన బేకలైటు వాసన, అంతే. పిన్ను మారిస్తే వోల్టేజీ మారదని వాడికి అప్పుడు తెలిసింది. ఫోన్ ఛార్జర్‌కి తగిలించే యూఎస్‌బీ తీగ ఎస్పీకి విడిగా దొరుకుతుంది, అది వాడండి. ఇంకో లోపం: ఇయర్‌ఫోన్ పెట్టుకునే కన్నం లేదు, దానికి వేరే ముక్క కొనాలి. నింటెండో ఇదెందుకు చేసిందో నాకు ఇప్పటికీ కోపమే.

ఈమధ్య పాత వాటికి వెలుతురు బాగా ఉండే ఐపీఎస్ రకం కొత్త తెరలు బిగించి అమ్ముతున్నారు. కళ్లకి హాయిగా ఉంటుంది, సెల్లులు త్వరగా తింటుంది. ఆడటానికి కొనేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. దాచుకోడానికి కొనేవాళ్లు దూరంగా ఉండండి.

క్యాసెట్ల దగ్గర

యంత్రం మంచిది దొరికాక ఆటల దగ్గర మోసపోవడం మామూలే. నేనూ మోసపోయాను, ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర. పోకెమాన్ క్యాసెట్, స్టికర్ తళతళలాడుతోంది. నాలుగు రోజులు ఆడాక దాచుకున్న ఆట మాయం. విప్పితే బోర్డు మీద చిప్పులకి బదులు నల్లటి తారు ముద్ద. అసలు క్యాసెట్ బోర్డు మీద నింటెండో పేరు అచ్చై ఉంటుంది, చిప్పులు విడివిడిగా కనబడతాయి. గేమ్ బాయ్ క్యాసెట్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావాలి, ఆన్‌లైన్లో చౌకగానే దొరుకుతుంది. అమ్మేవాళ్లని బోర్డు ఫోటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి.

అసలుదైనా సరే, గేమ్ బాయ్ రోజుల క్యాసెట్లలో ఆటని గుర్తుపెట్టుకునేది లోపలున్న నాణెం సెల్లు. గోల్డ్, సిల్వర్‌లలో గడియారం కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి వాటిలో ముందు అయిపోతుంది. సెల్లు మారిస్తే పాత ఆట చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. ఏ దేశం క్యాసెట్ అయినా ఏ దేశం గేమ్ బాయ్‌లోనైనా నడుస్తుంది, అడ్డు లేదు. జపాన్ క్యాసెట్లు చౌక. టెట్రిస్, మారియో లాంటివి భాష రాకపోయినా ఆడొచ్చు. కథ నడిచే ఆటలు మాత్రం జపనీస్‌లో కొంటే మొదటి ఊరు కూడా దాటలేరు.

మిగతావి

అమెరికా కంపెనీ టైగర్ 1978లో మొదలై, 90ల్లో ఒక్కో సినిమాకీ ఒక్కో ఎల్‌సీడీ ఆట అచ్చేసి వదిలింది. 1998లో ఫర్బీ బొమ్మతో ఊపేసింది, అదే ఏడాది ఆ కంపెనీని ఇంకో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనేసింది. ఆ ఆటల్ని 2020లో 15 డాలర్లకి మళ్లీ వదిలారు. గేమ్ అండ్ వాచ్ పద్ధతే, కానీ ఆట పెట్టిన చెయ్యి వేరు. జ్ఞాపకం ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పను.

మన ఊళ్లలో చాలామందికి అసలు జ్ఞాపకం వీటిలో ఏదీ కాదు, 9999 ఇన్ 1 అని రాసి ఉండే బ్రిక్ గేమ్. తిరునాళ్లలో గాజుల కొట్టు పక్కన వేలాడేది. అడ్డం 10, నిలువు 20 గళ్లు, అందులోనే టెట్రిస్, కార్ల రేసు, పాము. 9999 అన్నది వేగాలూ మెట్లూ కలిపిన లెక్క, అసలు ఆటలు పది పన్నెండుకి మించవు. ఇవాళ్టికీ కోఠిలోనూ బొమ్మల కొట్లలోనూ కొత్తవి దొరుకుతున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి ఏమివ్వాలని అడిగితే నేను చెప్పేది ఇదే. పోయినా ఎవరూ ఏడవరు, పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది.

ఇంకొక వింత వస్తువు ఉంది, ఇష్టపడేవాళ్లు తక్కువ. 1996లో యొకోయి నింటెండో వదిలి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. బండాయ్ అనే బొమ్మల కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే చేతి ఆటకి పనిచేస్తూ, 1997 అక్టోబర్ 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అది 1999లో వచ్చింది. దాంట్లో వేయాల్సింది ఒకే ఒక్క పెన్సిల్ సెల్లు. ఆటలన్నీ దాదాపు జపనీస్‌లోనే ఉన్నాయి, కొనమని ఎవరికీ సలహా ఇవ్వలేను. నేను మాత్రం ఒకటి కొన్నాను.

మీరు ఏది కొన్నా, పక్కన పెట్టేసే రోజున సెల్లులు తీసేయండి.